కరెంటు లేని తోటలో వేన్నీళ్ల షవర్: గ్యాస్ గీజర్ కొనేముందు ఏం చూడాలి, ఎలా బిగించాలి

ఏటా చలి మొదలవగానే ఇదే ప్రశ్న. "అన్నా, తోటలో షెడ్డు వేసుకున్నాం, కరెంటు లైను ఇంకా రాలేదు, బయట స్నానానికి గ్యాస్ గీజర్ పెడదామనుకుంటున్నాం, 6 లీటర్లది తీసుకోవాలా, 10 లీటర్లదా?" నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది? దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

నేనూ మొదట అలాగే కొన్నాను. మా మామిడితోటలో రాతి కడీల మీద 6 అడుగుల ఎత్తున 500 లీటర్ల ట్యాంకు ఉంది, షవర్ కూడా దాదాపు అదే ఎత్తులో పెట్టాం. గీజర్ బిగించి కుళాయి తిప్పితే సన్నగా ఒక ధార వచ్చింది, లోపల నుంచి ఒక్క చప్పుడు కూడా లేదు. బ్యాటరీలు మార్చాను, సిలిండర్ మార్చాను, చివరికి దాన్ని విప్పి డబ్బాలో పెట్టుకుని వెళ్లి షాపువాడితో గొడవపడ్డాను. అతను అక్కడే కుళాయికి తగిలించి తిప్పాడు, భగ్గున వెలిగింది. గ్యాస్ గీజర్ వెలిగేది నీళ్ల ధార బలానికే, అంత తక్కువ ఎత్తు నుంచి ఆ బలం రాలేదు. తప్పు గీజర్‌ది కాదు, నా కడీలది.

అసలు కరెంటు గీజరే ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చు కదా అంటారా? కుదరదు. మామూలు 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి లీటరున్నర కొంచెం పైన మాత్రమే ఇవ్వగలదు, అది షవర్ కాదు, చెంబుతో పోసుకున్నట్టు. పైగా ఇంట్లో వాడే 150 ఏహెచ్ బ్యాటరీ మీద 3 కిలోవాట్లు లాగితే అరగంట కూడా నిలవదు, మామూలు ఇన్వర్టరైతే ఆ లోడుకే ట్రిప్ అయిపోతుంది. కరెంటు లేనిచోట అప్పటికప్పుడు వేన్నీళ్లు కావాలంటే గ్యాసే దిక్కు. గ్యాస్ గీజర్‌కి కరెంటుతో పనిలేదు, రెండు పెద్ద టార్చిలైటు బ్యాటరీలు చాలు, అవి నిప్పురవ్వ పుట్టించడానికి, గ్యాస్ వాల్వ్ తెరిచి ఉంచడానికి.

ఏమేం కావాలి

- ఎల్‌పీజీతో నడిచే ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15558 అనే నంబరు ఉండాలి.
- సిలిండర్, దానికి సరిపోయే మామూలు ఇంటి రెగ్యులేటర్.
- స్టీలు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు గ్యాస్ ట్యూబు (సురక్ష ట్యూబు అంటే ఇస్తారు), మీటరున్నరకు మించకుండా. రెండు క్లిప్పులు.
- డి సైజు ఆల్కలైన్ బ్యాటరీలు రెండు.
- చన్నీళ్లవైపు ఒక బాల్ వాల్వ్, ఒక జల్లెడ ఫిల్టర్.
- వేన్నీళ్లవైపు సీపీవీసీ పైపు (వేడికి తట్టుకునే రకం), పెద్ద రంధ్రాల షవర్.
- 20 లీటర్ల బకెట్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఈ రెండూ అన్నిటికంటే ముందు కావాలి.

1. ముందు బకెట్, తర్వాతే షాపు

షవర్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడికి, అదే ఎత్తుకు పైపు లాగి, షవర్ తల బిగించి, కింద బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. 20 లీటర్లు నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 3 నిమిషాల్లోపు నిండితే నిశ్చింతగా ముందుకెళ్లండి. 5 నిమిషాలు దాటితే ఏ గీజర్ కొన్నా ఇబ్బందే, ఎందుకంటే గీజర్ లోపలి సన్నటి రాగి గొట్టం గుండా వెళ్లాక ధార ఇంకా తగ్గుతుంది. మధ్యలో ఉంటే తక్కువ ప్రెషర్‌కి పనిచేసే మోడల్ వెతుక్కోవాలి.

ఈ పరీక్ష ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చేసి మురిసిపోకండి. నీళ్లు అడుగుకు వచ్చినప్పుడు చేయండి, మీరు తెల్లారి స్నానానికి వెళ్లేటప్పుడు ఉండేది ఆ పరిస్థితే.

2. ఎత్తు లెక్క

గీజర్ డబ్బా మీద కనీస నీటి ప్రెషర్ అని ఉంటుంది, చాలావాటిలో మెగాపాస్కల్‌లలో రాస్తారు. భయపడక్కర్లేదు. 0.01 మెగాపాస్కల్ అంటే ఒక మీటరు ఎత్తు నీళ్లు, బార్‌లలో ఉంటే 0.1 బార్ అంటే ఒక మీటరు. అంటే డబ్బా మీద 0.025 అని ఉంటే రెండున్నర మీటర్లు, 8 అడుగుల పైమాట. ఈ ఎత్తును నేల నుంచి కొలవకూడదు. ట్యాంకు అడుగు నుంచి షవర్ తల వరకు కొలవాలి. షవర్ 7 అడుగుల దగ్గర ఉంటే ట్యాంకు అడుగు 15 అడుగుల పైన ఉండాలన్నమాట, పైపుల్లో వంపులుంటే ఇంకొంచెం. సగం సమస్యలు ఇక్కడే పుడతాయి.

ఎత్తు చాలకపోతే మూడు దారులు:

ట్యాంకును పైకి లేపడం. ఖర్చు ఎక్కువ కానీ ఒకసారితో పోతుంది. 500 లీటర్ల నీళ్లంటే అర టన్ను బరువు, వెదురు మంచె మీద పెట్టే పని కాదు, ఇనుప స్టాండే వేయించండి.

షవర్‌ను కిందికి దించడం. నవ్వకండి, చేతిలో పట్టుకునే షవర్ పెట్టి, పీట మీద కూర్చుని నడుము ఎత్తులో వాడుకుంటే 3, 4 అడుగులు కలిసొస్తాయి. మా నాన్నకి ఇదే నచ్చింది. షవర్ లేకుండా గీజర్ నుంచి నేరుగా బకెట్‌లోకి పట్టుకుంటే ఇంకా మంచి ధార వస్తుంది.

12 వోల్టుల చిన్న పంపు. బ్యాటరీ స్ప్రేయర్లలో ఉంటుందే, ఆ డయాఫ్రమ్ పంపు లాంటిదే, పురుగుమందుల దుకాణాల వీధిలో స్ప్రేయర్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. స్ప్రేయర్ బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్‌తో నడిచిపోతుంది. కొత్తదే కొనండి. పురుగుమందు కొట్టిన పాత స్ప్రేయర్ నుంచి పీకిన పంపు ఎంత కడిగినా స్నానపు నీళ్లకు వాడకూడదు, డబ్బు మిగిలిందని సంబరపడే సంగతి కాదిది. కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో కూడా చూడండి, 5 లీటర్లకు తగ్గితే గీజర్‌కి చాలీచాలకుండా ఉంటుంది. ఇంకొక చిక్కు: ఈ పంపులు ప్రెషర్ నిండగానే ఆగి, తగ్గగానే మళ్లీ మొదలవుతాయి, దాంతోపాటు గీజర్ మంట కూడా ఆగుతూ వెలుగుతూ ఉంటుంది, మీ ఒంటిమీద ఒకసారి మంచు, ఒకసారి నిప్పు. షవర్‌ను సగం తిప్పకుండా పూర్తిగా తెరిచి ఉంచితే ఈ దోబూచులాట చాలావరకు పోతుంది.

3. లీటర్లు ఎన్ని?

డబ్బా మీద 6 లీటర్లు అని ఉంటే, సాధారణంగా దానర్థం నీళ్లను 25 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 6 లీటర్లు ఇస్తుందని. మీకు ఎన్ని డిగ్రీలు పెరగాలో అది మీ ఊరి చలిని బట్టి ఉంటుంది. ఒళ్లు హాయిగా ఉండే వేడి 40 డిగ్రీల దగ్గర. ట్యాంకులో నీళ్లు 16 డిగ్రీలుంటే 24 పెరగాలి, 6 లీటర్ల గీజర్ సరిగ్గా సరిపోతుంది. లంబసింగి, అరకు వైపు తోటలుంటే పుష్యమాసంలో తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు 10 డిగ్రీలకు పడిపోయినా ఆశ్చర్యం లేదు, అప్పుడు 30 డిగ్రీలు పెరగాలి. లెక్క తేలికే: డబ్బా మీది లీటర్లను 25తో గుణించి, మీకు కావాల్సిన డిగ్రీలతో భాగించండి. 6 లీటర్లది అక్కడ 5 లీటర్లే ఇస్తుంది. అదీ ఒక్క మనిషి షవర్‌కి చాలు.

కాబట్టి ఒక్క షవర్‌కి 6 లీటర్లది తీసుకోండి, 10 లీటర్లది వద్దు. పెద్దది మంచిది కదా అనుకుంటారు, కానీ పెద్ద గీజర్ వెలగడానికి ధార కూడా ఎక్కువ కావాలి, మన తోట ట్యాంకుల ముందు అదే జరగని పని.

ఒక చిన్న కిటుకు. రాత్రంతా బయట ఉన్న ట్యాంకు నీళ్ల కంటే, అప్పుడే తోడిన బోరు నీళ్లు చలికాలంలో చాలా వెచ్చగా ఉంటాయి. సోలార్ మోటారు ఉన్నవాళ్లు సాయంత్రం ఎండ పోకముందు ట్యాంకు నింపుకుని, పాత గోనెసంచులు చుట్టి ఉంచితే గ్యాస్ కొంత ఆదా.

4. షాపులో ఏం చూడాలి

ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి, కంపెనీ పేరు, లైసెన్సు ఇంకా నడుస్తోందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తానే కట్టయ్యే ఏర్పాటు ఉందా అని అడగండి. గాలి తగిలే బయట ఇది లేని గీజర్ ఉచితంగా ఇచ్చినా వద్దు. నీళ్లు మితిమీరి వేడెక్కితే ఆగేది, 20 నిమిషాలకు ఆగిపోయేది ఉంటే మంచిదే. లోపల వేడెక్కే భాగం రాగిది కావాలి. వేడి తెలిపే డిజిటల్ అంకెలు ఉన్నా లేకపోయినా ఒకటే, వాటికి అదనంగా డబ్బు పెట్టకండి.

గీజర్ ఎల్‌పీజీకి చేసిందేనా చూసుకోండి. పైపు గ్యాస్‌కి చేసింది తక్కువకి వస్తోందని తెచ్చి సిలిండర్‌కి తగిలిస్తే మంట అదుపు తప్పుతుంది.

5. సిలిండర్ ఏది?

6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు సుమారు కిలో గ్యాస్ తాగుతుంది. 10 నిమిషాల స్నానానికి 160, 170 గ్రాములు. ఆ లెక్కన 5 కిలోల సిలిండర్ 30 స్నానాలు, 14.2 కిలోలది 80 పైన వస్తాయి.

వారానికొకసారి తోటకి వెళ్లేవాళ్లకు 5 కిలోలది హాయి, చేత్తో పట్టుకెళ్లొచ్చు. ఇండేన్ ఛోటూ, హెచ్‌పీ అప్పూ పేర్లతో కనెక్షన్ లేకుండా గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. రెగ్యులేటర్ అక్కడే, ఆ సిలిండర్ మీద పెట్టి చూపించమని తీసుకోండి, ఇంట్లోది దానికి పడుతుందని అనుకోవద్దు.

చలి ప్రాంతాలవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సిలిండర్‌లోని గ్యాస్ ద్రవంగా ఉంటుంది, అది ఆవిరైతేనే మంట. మనకొచ్చే ఎల్‌పీజీలో బ్యూటేన్ పాలు ఎక్కువ, అది సున్నా డిగ్రీల దగ్గరకొస్తే ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది. చిన్న సిలిండర్ నుంచి గంటకు కిలో చొప్పున లాగితే సిలిండరే చల్లబడి ఒళ్లంతా చెమటలు పడుతుంది, మంట కుంగిపోతుంది, గ్యాస్ ఉండగానే అయిపోయిందనుకుని మారుస్తారు. కొండ ఊళ్లలో పెద్ద సిలిండరే పెట్టుకోండి. వేడినీళ్లలో పెట్టడం, పక్కన మంట వేయడం, పడుకోబెట్టడం లాంటి సొంత వైద్యాలు మాత్రం చేయకండి.

టిఫిన్ బండ్ల మీద వాడే, చెవి తిప్పి మంట పెంచుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ గీజర్‌కి పెట్టకూడదు. "మంట చాలట్లేదు" అని ఎవరో ఇచ్చిన ఈ సలహా విని బర్నర్ కాల్చుకున్నవాళ్లు ఉన్నారు.

6. ఎక్కడ బిగించాలి

మన బజారులో దొరికే గీజర్లు చాలావరకు చూరు కింద వాడేందుకు చేసినవి, వాన తట్టుకోవు. పైన రేకు కావాలి. వెనక గోడ, గాలి వచ్చే పక్కన ఒక అడ్డు ఉండాలి. ముందువైపు, ఇంకో పక్క పూర్తిగా తెరిచి ఉంచాలి.

ఇప్పుడు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట. చలి ఎక్కువైందని, గాలికి మంట ఆరిపోతోందని తడికల చుట్టూ టార్పాలిన్ కట్టి, పైన కూడా కప్పేస్తుంటారు. అలా చేసిన నిమిషం అది ఆరుబయట షవర్ కాదు, కిటికీ లేని బాత్రూం. గ్యాస్ మండినప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలవుతాయి, తలుపు దాకా వచ్చేలోపే మనిషి పడిపోవచ్చు. మీకు చాటు కావాలంటే గీజర్‌ను తడిక బయటే పెట్టి, వేన్నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తీసుకోండి. నేను ఇప్పుడు అలాగే పెట్టాను, గాలికి మంట ఆరడం కూడా తగ్గింది. స్నానంలో ఎవరికైనా అలా అనిపిస్తే వెంటనే బయటికి తెచ్చి, గ్యాస్ కట్టేసి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సిలిండర్ గీజర్ కిందే పెట్టకండి, ఒక మీటరు పక్కకు, నీడలో, నిలబెట్టి ఉంచండి. గుంటలో, మెట్ల కింద వద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే పల్లంలో మడుగు కట్టినట్టు నిలుస్తుంది.

7. పైపులు

నీలం గుర్తు చన్నీళ్లు, ఎరుపు వేన్నీళ్లు. తలకిందులుగా బిగిస్తే నీళ్లొస్తాయి, మంట రాదు. బాల్ వాల్వ్‌ను చన్నీళ్లవైపే పెట్టండి, నీళ్లు ఆపడం, వదలడం అక్కడి నుంచే. దాని తర్వాత జల్లెడ ఫిల్టర్. బోరు ఇసుక, ట్యాంకు పాచి లోపలికి వెళ్తే ఆరు నెలల్లో ధార తగ్గిపోతుంది.

వేన్నీళ్లవైపు డ్రిప్పు పైపు ముక్క మిగిలింది కదా అని తగిలించే అలవాటు మనలో చాలామందికి ఉంది. వేడికి మెత్తబడి జారిపోతుంది, జారేది సరిగ్గా మీరు కింద నిలబడి ఉన్నప్పుడే. పీవీసీ కూడా వద్దు, సీపీవీసీ వేయండి.

షవర్ దగ్గర చన్నీళ్లు కలిపే మిక్సర్ పెట్టకండి. తక్కువ ప్రెషర్‌లో చన్నీళ్లు వదలగానే గీజర్‌లోకి వెళ్లే ధార పడిపోయి మంట ఆగిపోతుంది. వేడి ఎక్కువైతే గీజర్ మీదున్న గ్యాస్ చెవి తగ్గించండి, లేదా నీళ్ల చెవి పెంచండి.

8. మొదటిసారి వెలిగించడం

రెగ్యులేటర్, ట్యూబు అతుకులన్నిటికీ సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూడొద్దు, చెప్పక్కర్లేదు కానీ చెబుతున్నాను, ఎందుకంటే ఇంకా చూసేవాళ్లున్నారు.

ముందు గ్యాస్ తెరవకుండా నీళ్లు మాత్రం వదలండి. టకటకమని నిప్పురవ్వల చప్పుడు రావాలి. వస్తే మీ ధార సరిపోయినట్టే. రాకపోతే బ్యాటరీ తిరగేసి పెట్టారేమో చూసి, ఆ తర్వాత మళ్లీ 1వ అంకానికి వెళ్లండి. ఇప్పుడు గ్యాస్ తెరవండి. కొత్త ట్యూబులో గాలి ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడుసార్లు వెలగకపోవచ్చు, నీళ్లు కట్టేసి, అర నిమిషం ఆగి, మళ్లీ తిప్పండి. ఆపకుండా అలాగే వదిలేస్తే లోపల గ్యాస్ పోగై ఒక్కసారిగా భగ్గుమంటుంది.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే బర్నర్‌లో దుమ్మో పురుగో ఉన్నట్టు, లేదా గాలి చాలనట్టు.

నీళ్లు కట్టేయగానే ఒకటి రెండు సెకన్లలో మంట ఆరిపోవాలి. ఈ పరీక్ష ప్రతి సీజను మొదట్లో చేయండి. ఆరకుండా మండుతుంటే సిలిండర్ కట్టేసి మెకానిక్‌కి ఇవ్వండి, ఆ గీజర్‌ని అప్పటిదాకా ముట్టుకోవద్దు.

బకెట్ మళ్లీ తీసుకుని గీజర్ గుండా నింపండి. ఇంత టైము పట్టిందని గీజర్ పక్కనే మార్కర్‌తో రాసిపెట్టుకోండి. నాది 4 నిమిషాల 10 సెకన్లు. వచ్చే ఏడు అదే 6 నిమిషాలు పడితే లోపల ఉప్పు పేరుకుందని అర్థం. బోరు నీళ్లు గట్టిగా ఉండే ఊళ్లలో ఇది తప్పదు. గ్యాస్ కట్టేసి, బ్యాటరీలు తీసేసి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు లోపల అరగంట నిలవుంచి, తర్వాత మంచినీళ్లతో బాగా వదిలేస్తే చాలావరకు కరిగిపోతుంది. ముందు జల్లెడ కడిగి చూడండి, పని అక్కడితోనే అయిపోవచ్చు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

స్నానం మధ్యలో సబ్బు రాసుకునేందుకు నీళ్లు కట్టేసి, మళ్లీ తిప్పి నేరుగా కింద నిలబడటం. లోపల నిలిచిన నీళ్లు రాగి గొట్టం వేడికి బాగా కాగి ఉంటాయి, మొదటి చెంబుడు నీళ్లు చుర్రుమంటాయి. చెయ్యి పెట్టి చూశాకే తల పెట్టండి. పిల్లలకైతే బకెట్‌లో పట్టి కలిపి పోయడమే మేలు.

నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీలు లోపలే వదిలేయడం. కారిపోయి రేకులు తినేస్తాయి. వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ కట్టేయడం, బ్యాటరీలు తీయడం ఒకే అలవాటుగా చేసుకోండి.

చాలారోజుల తర్వాత వెళ్లి చూడకుండా వెలిగించడం. కందిరీగలు, సాలీళ్లు బర్నర్‌లో గూళ్లు కడతాయి, ఎలుకలు ట్యూబు కొరుకుతాయి. మూత తీసి టార్చి వేసి చూసి, ట్యూబును చేత్తో తడిమి, నురగ పరీక్ష చేశాకే. ట్యూబు మీద తేదీ చూసి 5 ఏళ్లకు మార్చేయండి.

గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, అందరినీ దూరం పంపి, 1906కి ఫోన్ చేయండి. అది దేశమంతా పనిచేసే ఎల్‌పీజీ ఎమర్జెన్సీ నంబరు.

ఇంత తతంగం ఎందుకు అనిపిస్తోందా? ఏడాదికి పది పన్నెండు రోజులు మాత్రమే తోటలో పడుకునేవాళ్లయితే నా మాట విని గీజర్ కొనకండి. రాగి బాయిలర్ ఒకటి తెచ్చుకుని, రాలిన మామిడి పుల్లలు, కొబ్బరి మట్టలు కింద వేసుకోండి. దానికీ గాలి ఆడే చోటే కావాలి, కానీ ట్యాంకు ఎత్తు అడగదు, బ్యాటరీ అడగదు, నలుగురికి సరిపడా నీళ్లు అరగంటలో కాగుతాయి. మా ఇంట్లో గీజర్ వచ్చి మూడేళ్లయినా చుట్టాలు ఎక్కువమంది దిగినరోజు ఇప్పటికీ వెలిగేది ఆ బాయిలరే.